జైంట్ సైజ్ ఎక్స్-మెన్ 1: ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి పిలిచిన టీమ్

కొత్త సూపర్‌హీరో టీమ్ కామిక్ ఏది చేతికొచ్చినా నేను ముందుగా చూసేది ఒక్కటే. వీళ్లంతా అసలు ఎందుకు ఒకచోట చేరారు? చాలా మొదటి సంచికలు దీన్ని పట్టించుకోవు. ఎక్కడో పెద్ద ప్రమాదం వస్తుంది, అందరూ పరిగెత్తుకొస్తారు, కొట్లాట అయ్యాక టీమ్‌కి పేరు పెట్టుకుంటారు. అందుకే టీమ్ కామిక్స్ ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరు అడిగినా, 1975లో అమెరికా కామిక్స్ సంస్థ మార్వెల్ వేసిన జైంట్ సైజ్ ఎక్స్-మెన్ మొదటి సంచికే చదవమంటాను.

ఎక్స్-మెన్ అంటే పుట్టుకతోనే వింత శక్తులున్నవాళ్ల టీమ్. అప్పటికి వాళ్ల పరిస్థితి ఏమీ బాగాలేదు. 1963లో మొదలైన ఆ సిరీస్‌లో 1970 నుంచి కొత్త కథలు ఆగిపోయి, పాతవే మళ్లీ అచ్చవుతున్నాయి. అలాంటి సమయంలో రచయిత లెన్ వీన్, ఆర్టిస్ట్ డేవ్ కాక్రమ్ కలిసి దాదాపు కొత్త టీమ్‌నే తెచ్చారు. 68 పేజీల పుస్తకం, అప్పటి ధర 50 సెంట్లు. కొత్త కథ 36 పేజీలే, మిగతా కథలు పాతవి.

క్రకోవా అనే దీవికి వెళ్లిన పాత టీమ్ కనిపించకుండా పోతుంది. టీమ్ నాయకుడు సైక్లాప్స్ ఒక్కడే తిరిగొస్తాడు. వాళ్లను కాపాడటానికి టీమ్‌ని స్థాపించిన, వీల్‌చెయిర్‌లో ఉన్న ప్రొఫెసర్ ఎక్స్ దేశదేశాలు తిరిగి కొత్తవాళ్లను పిలుస్తాడు. ఈ పిలుపులే పుస్తకానికి ప్రాణం.

మొదట జర్మనీ. నీలి చర్మం, తోక ఉన్న కర్ట్ వాగ్నర్‌ని (టీమ్‌లో ఇతని పేరు నైట్‌క్రాలర్) దెయ్యమనుకుని ఊరంతా కాగడాలతో తరుముతుంది. ప్రొఫెసర్ కాపాడాక అతను అడిగేది, నన్ను మామూలు మనిషిని చేయగలరా అని. ఈ రాత్రి చూసింది చూశాక కూడా వాళ్లలా ఉండాలనే ఉందా అని ప్రొఫెసర్ తిరిగి అడుగుతాడు. కర్ట్ ఒక్క క్షణం ఆలోచించి, నాకు నేను పూర్తిగా నేనుగా ఉంటే చాలంటాడు. కొన్ని ప్యానెల్స్‌లో, అంటే కొన్ని బొమ్మల గళ్లలోనే, అయిపోయే ఈ సంభాషణతోనే ఆ పాత్ర నా మనసులో నిలిచిపోయింది.

సైబీరియాలో పొలం పని చేసుకునే పీటర్ రస్పుటిన్ (టీమ్‌లో కొలోసస్) ప్రశ్న వేరు. నా శక్తి నా దేశానిది కాదా అంటాడు. కెన్యాలో వానలు కురిపిస్తూ దేవతగా పూజలందుకునే స్టార్మ్ అదంతా వదులుకుని బయలుదేరుతుంది. కెనడాలో వుల్వరిన్ మాత్రం తన పై అధికారి ముందే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసి వచ్చేస్తాడు. ఒకరు వచ్చిన కారణం ఇంకొకరికి లేదు, అందుకే వీళ్లు ఎదురుపడగానే గొడవలు సహజంగా పుడతాయి.

కాక్రమ్ డిజైన్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. కొలోసస్ ఉక్కు ఒంటి మీద ఆ అడ్డగీతలు, స్టార్మ్ తెల్లజుట్టు, నైట్‌క్రాలర్ ఆకారం, ఏ ఒక్కరి నీడ చూసినా ఎవరో చెప్పేయొచ్చు. పాత టీమ్ బొమ్మను చింపుకుంటూ కొత్తవాళ్లు దూసుకొచ్చే కవర్‌ని కాక్రమ్ మరో ఆర్టిస్ట్ గిల్ కేన్‌తో కలిసి వేశాడు. వుల్వరిన్ మాస్క్‌కి అంత పెద్ద కొమ్ముల్లాంటి అంచులు వచ్చింది కేన్ చేతిలోనే. అది నచ్చి కాక్రమ్ లోపలి పేజీల్లోనూ అలాగే ఉంచాడు.

దీవికి చేరాక కథ పట్టు కొంత సడలుతుంది. జంటలుగా విడిపోయి నాలుగు దిక్కులా వెళ్లడం, దారిలో రాక్షస జీవులతో పోరాటాలు, ఇవన్నీ హడావుడిగా సాగుతాయి. అసలు శత్రువు ఎవరో బయటపడే మలుపు మాత్రం చాలా బాగుంది, అది చెప్పి మీ ఆనందం పాడుచేయను.

నాకు నిజంగా బాధ కలిగించింది థండర్‌బర్డ్ విషయం. అపాచీ యువకుడైన అతనికి కోపం తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. పైగా ప్రొఫెసర్ అతని జాతిని తక్కువ చేసి మాట్లాడి, రెచ్చగొట్టి ఒప్పిస్తాడు. మిగతావాళ్లతో అంత మర్యాదగా మాట్లాడిన మనిషి ఇతని దగ్గర అలా ప్రవర్తించడం మింగుడుపడదు. ఏడుగురు కొత్తవాళ్లలో ఆడమనిషి స్టార్మ్ ఒక్కతే కావడం కూడా వెలితిగానే ఉంటుంది.

చివరికి మొత్తం పదముగ్గురు ఎక్స్-మెన్ మిగులుతారు. ఇంతమందిని ఏం చేసుకోవాలనే ప్రశ్నతో సంచిక ముగుస్తుంది, జవాబు పాత ఎక్స్-మెన్ సిరీస్ 94వ సంచికలో ఉంది. రచయిత క్రిస్ క్లేర్‌మాంట్ ఈ సిరీస్ రాయడం మొదలుపెట్టింది కూడా అక్కడి నుంచే. మార్వెల్ అన్‌లిమిటెడ్ యాప్‌లో ఇవన్నీ దొరుకుతాయి. వీలైతే 94, 95 కూడా వెంటనే చదివేయండి. టీమ్‌లో చేరడం ఒక్కొక్కరికీ ఎంత ఖరీదైన నిర్ణయమో 95లో తెలుస్తుంది.