ఇటుక కుదిరింది, గోడ తప్పింది: కణ తంతు ప్రోటీన్ల నమూనాల పెట్టె

జీవకణాలకు ఆకారాన్నిచ్చే ప్రోటీన్ తంతువులు పరిణామంలో ఎలా రూపుదిద్దుకున్నాయో బోధించడానికి పనికివస్తుందని తెప్పించుకున్న ఈ త్రీడీ నమూనాల పెట్టెను మూడు నెలలుగా వాడుతున్నాను. ఇందులో నిజకేంద్రక కణాల (మన కణాల్లా కేంద్రకం ఉన్నవాటి) యాక్టిన్, బాక్టీరియాలో దానికి బంధువైన ఎమ్మార్‌ఈబీ, సూక్ష్మనాళికలను కట్టే ట్యూబ్యులిన్, బాక్టీరియా కణం రెండుగా విడిపోయేచోట వలయంగా ఏర్పడే ఎఫ్‌టీఎస్‌జెడ్ ఆరేసి ముక్కలు చొప్పున ఉన్నాయి. అతికించుకోవడానికి అయస్కాంతాలు, చదువుకోవడానికి ఒక చిన్న పుస్తిక ఇచ్చారు.

విడి ముక్కల తయారీకి వంక పెట్టలేము. యాక్టిన్, ఎమ్మార్‌ఈబీల అమైనో ఆమ్లాల వరుసలు ఎంతగా వేరుపడిపోయాయంటే, వాటిని మామూలుగా పోల్చి చూస్తే చుట్టరికం ఉందని నమ్మడం కష్టం. ఆ చుట్టరికాన్ని 1992లోనే ఊహించినా, 2001లో థెర్మోటోగా అనే బాక్టీరియా నుంచి తీసిన ఎమ్మార్‌ఈబీ స్ఫటిక నిర్మాణం వెలువడ్డాకే అది రూఢి అయింది. ఈ పెట్టెలో, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ముక్క రెండు ప్రోటీన్ల నడిమి చీలికలోనూ ఒకేలా కూర్చుంటుంది కనుక, ఆ సంగతి విద్యార్థి చేతికే తెలిసిపోతుంది. ఏటీపీ లాంటిదే అయిన జీటీపీ అణువు ముక్క కూడా ట్యూబ్యులిన్‌లోనూ ఎఫ్‌టీఎస్‌జెడ్‌లోనూ అలాగే ఇముడుతుంది. ఈ రెంటి నిర్మాణాలు 1998లో ఒకేసారి వెలువడ్డాయి.

చిక్కంతా ముక్కలను పేర్చడం మొదలుపెట్టాక వస్తుంది. ఎమ్మార్‌ఈబీ ముక్కల్లో అయస్కాంతాలను యాక్టిన్‌లో ఉన్నచోటనే అమర్చారు. అందువల్ల అవి కూడా యాక్టిన్‌లాగే మెలితిరిగిన జంటపోగుగా తయారవుతాయి. నిజానికి ఎమ్మార్‌ఈబీ పోగులు మెలితిరగవు. రెండూ ఒకదానికొకటి ఎదురు దిశల్లో, తిన్నగా, కణత్వచానికి అంటుకుని ఉంటాయి. ఇది చిన్న తేడా కాదు. యాక్టిన్ తంతువుకు రెండు కొసలూ వేరువేరు కాబట్టే కండరాలను కదిలించే మయోసిన్ ప్రోటీన్ దానిమీద ఒక వైపుకు నడవగలుగుతోంది. ఎదురెదురుగా పేర్చిన జంటపోగులో అలాంటి దిశ మిగలదు. బాక్టీరియాలో ప్లాస్మిడ్లను (విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయాలను) పంచిపెట్టే పార్‌ఎం అనే మరో బంధువైతే యాక్టిన్‌కు వ్యతిరేకంగా ఎడమకు మెలితిరుగుతుంది. ఇటుక ఇంచుమించు మారకుండా నిలిచి, గోడ కట్టే తీరు మాత్రం పదేపదే మారడమే ఈ కథలో అసలు విషయం. పెట్టె తప్పుదారి పట్టించింది సరిగ్గా అక్కడే.

ట్యూబ్యులిన్ విషయంలో తప్పు లేదు, కొరత ఉంది. సూక్ష్మనాళికలో సాధారణంగా 13 పోగులుంటాయి. ఆరు ముక్కలతో ఒక్క చుట్టు కూడా పూర్తికాదు. పోగుగా పేర్చినంత వరకు మాత్రం ఎఫ్‌టీఎస్‌జెడ్‌తో పోలిక చక్కగా కనబడుతుంది.

పుస్తిక బాక్టీరియా నుంచి ఒక్క దూకులో మన కణాల్లోకి వచ్చేస్తుంది. నడుమ ఉన్న ఆర్కియా (బాక్టీరియాలా కనిపించినా వాటికి వేరైన ఏకకణ జీవులు) ప్రస్తావనే లేదు. 2015లో వెల్లడైన లోకిఆర్కియా అనే ఆర్కియా బృందపు జన్యువులలో యాక్టిన్‌కు అతి దగ్గరి బంధువులు ఉన్నాయి. తరువాత ప్రయోగశాలలో పెంచిన లోకిఆర్కియం కణాల పొడవాటి కొమ్మల్లో ఆ తంతువులను సూక్ష్మదర్శినితో చూశారు కూడా. దీనికి బదులు, కాలోబాక్టర్ అనే బాక్టీరియాకు వంపునిచ్చే క్రెసెంటిన్‌ను మన జుట్టు, గోళ్లలోని కెరటిన్‌కు పూర్వీకుడని ఒక పుట నిండా రాశారు. రెండింటిలోనూ పెనవేసుకున్న సర్పిలాలున్న మాట నిజమే, కాని అలాంటి పెనవేత పరిణామంలో విడివిడిగానూ పుట్టగలదు కనుక దాన్నిబట్టి వంశం తేల్చడం తొందరపాటే.

ప్లాస్టిక్ గట్టిదే, ఎఫ్‌టీఎస్‌జెడ్ ముక్కల్లో ఒక సన్నని మలుపు మాత్రం రెండు చోట్ల విరిగింది. ప్రోటీన్ల మడత గురించి చెప్పే ఉపాధ్యాయులు దీన్ని నిస్సంకోచంగా కొనవచ్చు. తంతువుల గురించి చెప్పదలచినవారు నాలాగా ఎమ్మార్‌ఈబీ ముక్కల అయస్కాంతాలను ఊడదీసి, పక్క అంచున మళ్లీ అతికించుకోవలసి ఉంటుంది. ఒక సాయంత్రం పట్టింది గాని, ఇప్పుడవి తిన్నని ఎదురెదురు జంటగా నిలుస్తున్నాయి.