జాగ్రత్త: ‘10 బట్టలు, 36 జతలు’ సెట్ కొనేముందు ఇది చదవండి

ఇది కొంచెం పొడుగ్గానే ఉంటుంది. ఓపిక లేనివాళ్లు ఈ ఒక్క ముక్క చదివి వెళ్లిపోండి: రోజూ ఆఫీసుకి వేసుకునే మామూలు బట్టల్ని ఫొటో చూసి సెట్‌గా కొనకండి. నేను కొన్నచోట రిటర్న్ గడువు ఏడు రోజులు. బట్ట బండారం బయటపడేది మూడో ఉతుకులో. ఆ రెండింటి మధ్య ఉన్న సందులోనే వాళ్ల వ్యాపారమంతా నడుస్తోంది.

కొన్నాళ్లు ఇంట్లో ఉండి మళ్లీ ఉద్యోగంలో చేరాను. బీరువా తెరిస్తే సగం బట్టలు బిగుతు, మిగతా సగం పెళ్లిళ్లకి తప్ప పనికిరానివి. రోజూ పొద్దున్నే ఏం వేసుకోవాలా అని ఒకటే టెన్షన్. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఆ యాడ్ వచ్చింది. పది బట్టలు కొంటే ముప్పై ఆరు రకాలుగా వేసుకోవచ్చట. తెల్ల షర్టు, తెల్ల టీషర్టు, నల్ల టీషర్టు, చారల ఫుల్ హ్యాండ్స్ టీషర్టు. నల్ల ప్యాంటు, జీన్స్, లేత గోధుమరంగు స్కర్టు. పైన వేసుకోవడానికి కార్డిగన్ (ముందు గుండీలుండే పల్చటి స్వెటర్), బ్లేజర్. ఒక బెల్టు. కాగితం మీద లెక్క కూడా వేసి చూశాను. నాలుగు టాప్స్, మూడు బాటమ్స్, పైన కార్డిగన్ గానీ బ్లేజర్ గానీ వేసుకోవడం లేదా ఏదీ వేసుకోకపోవడం. 4×3×3, ముప్పై ఆరు. లెక్క ఎక్కడా తప్పలేదు. దాంతో ఇంకేమీ చూడకుండా డబ్బు కట్టేశాను.

ఇలా కొన్ని బట్టల్నే రకరకాలుగా కలిపి వేసుకోవడాన్ని క్యాప్సూల్ వార్డ్‌రోబ్ అంటారు. ఆ మాట ఈ యాడ్‌వాళ్లు కనిపెట్టింది కాదు. 1970ల్లో లండన్‌లో బట్టల షాపు నడిపిన ఒకావిడ ప్రచారంలోకి తెచ్చింది. 1985లో న్యూయార్క్ డిజైనర్ డోనా కరన్ ‘సెవెన్ ఈజీ పీసెస్’ అని ఏడు బట్టలతో కలెక్షన్ తెచ్చాక బాగా పాకింది. అసలు సంగతి ఏంటంటే కొన్నే కొనుక్కో, మంచివి కొనుక్కో, ఏళ్ల తరబడి వేసుకో అని. ఇప్పుడు సెట్లు అమ్మేవాళ్లు అందులో ‘కొనుక్కో’ ఒక్కటి పట్టుకుని మిగతాది వదిలేశారు.

పార్సిల్ వచ్చిన రోజు మాత్రం గాల్లో తేలాను. పల్చటి తెల్ల కాగితంలో చుట్టి, అన్నిటికన్నా పైన బ్లేజర్ పెట్టారు. న్యాయంగా చెప్పాలంటే బ్లేజర్ నిజంగానే బాగుంది. లైనింగ్ ఉంది, భుజాలు సరిగ్గా కూర్చున్నాయి. అదే ఎర అని అప్పుడు తెలియలేదు. ఆ సాయంత్రమే అయిదు స్టార్లు ఇచ్చి రివ్యూ రాశాను. మొన్న మళ్లీ తీసి చదువుకుంటే సిగ్గేసింది. బాక్స్ బాగుంది, బ్లేజర్ బాగుంది, డెలివరీ త్వరగా వచ్చింది. మిగతా తొమ్మిది వస్తువుల గురించి ఒక్క మాట లేదు. అప్పుడు మిగతా రివ్యూలు కూడా చూశాను. దాదాపు అన్నీ వచ్చిన రోజో, మర్నాడో రాసినవే. ఉతికాక రాసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వాళ్ల రివ్యూలు ఎక్కడో అడుగున ఉన్నాయి.

ఇక తెల్ల షర్టు సంగతి. పేజీలో ‘ప్రీమియం కాటన్’ అని ఉంది. మొదటిసారి వేసుకున్న రోజు మధ్యాహ్నానికే చంకల్లో చెమట, వీపుకి అతుక్కుపోవడం. సాయంత్రం లోపలి లేబుల్ తిప్పి చూస్తే 65 శాతం పాలిస్టర్, 35 శాతం కాటన్. కాటన్ తన బరువులో ఎనిమిదిన్నర శాతం దాకా గాలిలోని తేమను పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. అందుకే చెమట బట్టలోకి ఇంకకుండా ఒంటిమీదే ఉండిపోతుంది. పాలిస్టర్ చెడ్డదని కాదు నేననేది. ముడతలు పడదు, త్వరగా ఆరుతుంది, స్కర్టులోనో బ్లేజర్‌లోనో ఉంటే నాకేం అభ్యంతరం లేదు. కానీ కాటన్ అని చెప్పి అది అంటగట్టడం ఏమిటి?

మొదటి ఉతుకు తర్వాత ఇస్త్రీ చేస్తుంటే కాలర్ మీద చిన్న చిన్న బొబ్బలు లేచాయి. ఇస్త్రీపెట్టె వేడి ఎక్కువైందేమో అనుకుని తడిగుడ్డ వేసి నొక్కాను. అణిగాయి. రెండో ఉతుకులో మళ్లీ లేచాయి, ఈసారి మణికట్టు పట్టీల మీద కూడా. మా అక్కకి కుట్టుపని వచ్చు. చూడగానే చెప్పేసింది: “లోపల బక్రం జిగురుతో అంటించారే. ఆ జిగురు ఊడిపోతోంది. ఇక నువ్వేం చేసినా నిలవదు.” బక్రం అంటే కాలర్ గట్టిగా నిలవడానికి లోపల పెట్టే గుడ్డ. మంచి షర్టుల్లో కూడా దాన్ని జిగురుతోనే అంటిస్తారట. కాకపోతే సరైన జిగురు సరైన వేడి మీద పడితే ఊడదు. కొనేటప్పుడు ఇది కంటికి కనిపించదు, అదే బాధ.

ఆ షర్టుకి ఇంకో రోగం కూడా ఉంది. కిటికీ ముందు నిలబడితే లోపల వేసుకున్నది మొత్తం కనిపిస్తుంది. (తెల్ల షర్టు కింద తెల్ల లోదుస్తులు వేసుకుంటే కనిపించవనుకుంటాం. తిరకాసు అక్కడే. ఒంటిరంగుకి దగ్గరగా ఉన్నవి వేసుకుంటే కనిపించవు, తెల్లవి గీత గీసినట్టు కనిపిస్తాయి.) ఫొటోలో మాత్రం ఆ అమ్మాయికి ఎంత చక్కగా కూర్చుందో! బట్టల ఫొటోలు తీసేటప్పుడు వెనకవైపు క్లిప్పులు పెట్టి బిగించడం మామూలేనని ఆ తర్వాత తెలిసింది. వెనకవైపు ఫొటో లేని బట్టని ఇప్పుడు అసలు తాకను.

షర్టు లోపలి అంచు నుంచి అక్క ఒక పోగు లాగి, చిన్న పట్టకారతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద అగ్గిపుల్లతో అంటించింది. నూలు పోగైతే కాగితం కాలిన వాసన వచ్చి, వేలితో నలిపితే పొడయ్యే బూడిద మిగలాలి. ఇది మంటకి దూరంగా ముడుచుకుపోయి, కరిగి, చివర నల్లటి గట్టి పూసలా అయింది. మీరు చేసి చూస్తే సింక్ పక్కన, గాలాడేచోట చెయ్యండి. కరిగిన చుక్క చేతిమీద పడితే అతుక్కుని కాలుస్తుంది.

నల్ల టీషర్టు ఉతికి ఆరేసి వేసుకుంటే ఏదో తేడాగా అనిపించింది. అద్దంలో చూస్తే పక్కన ఉండాల్సిన కుట్టు బొడ్డు దిక్కుకి తిరిగి ఉంది! బట్ట మెలిపడిపోయింది. టీషర్టు అల్లికకి పోగుల్లోని పురి వల్ల ఇలా తిరిగే గుణం ఉంటుంది. జాగ్రత్తగా తయారుచేసేవాళ్లు బట్టని ముందే సరిచేసి కత్తిరిస్తారు, ఆ పనికి టైమూ డబ్బూ పడతాయి. దీన్ని మీరు కొనకముందే పట్టుకోవచ్చు: టీషర్టుని బల్లమీద పరిచి, రెండు పక్కల కుట్లూ నిటారుగా కిందికి దిగుతున్నాయో లేదో చూడండి. కొత్తగా ఉన్నప్పుడే ఒక పక్కకి వాలి ఉంటే ఇక ఉతికాక చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా పరువు తీసింది నల్ల ప్యాంటు. మీటింగ్‌లో లేత రంగు గుడ్డ కుర్చీలో రెండు గంటలు కూర్చుని లేచాను. కుర్చీ మీద బూడిదరంగు మచ్చ. ఎవరూ ఏమీ అనలేదు, నేనే ఫైలు అడ్డం పెట్టుకుని బయటికొచ్చాను. ఇంటికొచ్చి చూస్తే తొడల మీద కూడా అదే రంగు. దాన్నే తెల్ల టీషర్టుతో కలిపి మెషీన్‌లో వేశాను, అది సగం నా తప్పే. టీషర్టు కూడా పోయింది. ముదురు రంగు బట్ట ఏది కొన్నా, ముందు తడిపిన తెల్ల చేతిరుమాలుతో లోపలి మడతమీద పది సార్లు గట్టిగా రుద్దండి. రుమాలుకి రంగు అంటితే వెనక్కి పంపేయండి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని నాకు నలుగురు చెప్పారు, రెండుసార్లు నానబెట్టాను కూడా. అద్దకం వేసేటప్పుడు రంగు పోగులోకి ఎక్కడానికి ఉప్పు వాడతారు, అది నిజమే. సరిగ్గా పట్టని రంగుని తర్వాత పట్టి ఉంచడం ఉప్పు వల్ల కాదు.

ఆ ప్యాంటుని అక్క తిరగేసి, కాలి కుట్టు దగ్గర రెండు వైపులా పట్టుకుని లాగింది. కుట్టు తెరుచుకుని దారాలు నిచ్చెన మెట్లలా కనిపించాయి. “ఒసేయ్, దీనికి మార్జిన్ ఎక్కడుందే? వదులు చేద్దామన్నా గుడ్డే లేదు” అంది. ఇప్పుడు ఏ బట్ట చేతిలోకి తీసుకున్నా నేను మొదట చేసేది ఇదే. తిరగేయడం, కుట్టు లాగడం. పైన పటారం లోన లొటారం అన్నది ఎక్కడికక్కడ తేలిపోతుంది.

కార్డిగన్ గురించి ఒక్క మాట చాలు. చంకల కింద, హ్యాండ్‌బ్యాగ్ రాసుకునేచోట పదిరోజుల్లో ఉండలు కట్టింది.

బెల్టు దాదాపు వాడనే లేదు, బీరువాలోనే పొరలు పొరలుగా ఊడింది. లెదర్ కాదది, గుడ్డ మీద పాలియురేథేన్ పూత. గాలిలో తేమ తగిలి ఆ పూత దానంతట అదే విరిగిపోతుంది, దాచిపెట్టినా అంతే. బెల్టు అంచుని పక్కనుంచి చూస్తే మధ్యలో గుడ్డ పొర కనిపిస్తుంది, అదే గుర్తు.

జీన్స్ బట్ట బాగానే ఉంది. కానీ రెండు రోజులు వరసగా వేసుకుంటే బొడ్డు కింద, సరిగ్గా గుండీ తగిలేచోట రూపాయి బిళ్లంత దద్దురు. ఒకటే దురద. ఏదో తిన్నది పడలేదనుకున్నాను. డాక్టరమ్మ చూసి “నికెల్ ఎలర్జీ అమ్మా, గుండీ వల్ల” అన్నారు. తగిలిన వెంటనే రాదు, ఒకటి రెండు రోజులయ్యాక వస్తుంది. అందుకే దేనివల్లో మనకి తట్టదు. ఒకసారి మొదలైతే ఆ ఎలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. యూరప్‌లో ఒంటికి తగిలే లోహపు వస్తువులకి దీని మీద పరిమితి ఉంది: వారానికి చదరపు సెంటీమీటరుకి 0.5 మైక్రోగ్రాములకి మించి నికెల్ వదలకూడదు. చౌక చెవిదిద్దులు పెట్టుకుంటే చెవి తమ్మెలు ఎర్రబడేవాళ్లు బెల్టు బకిల్, జీన్స్ గుండీ కూడా అనుమానించండి. ప్రస్తుతానికి గుండీ వెనక రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు వేశాను. అరిగిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ వేస్తూ ఉండాలి, అదొక పని.

ఇప్పుడు లెక్క మళ్లీ వేద్దాం. టాప్స్‌లో మిగిలింది చారల టీషర్టు ఒక్కటే. బాటమ్స్‌లో జీన్స్, స్కర్టు. పైన బ్లేజర్ ఉంటే ఉంది, లేకపోతే లేదు. 1×2×2. ముప్పై ఆరు కాస్తా నాలుగైంది.

రిటర్న్ అడిగాను. చాట్‌లో వచ్చిన జవాబు ఇది: “మేడమ్, సెట్‌లో విడిగా ఒక్క ఐటమ్ రిటర్న్ తీసుకోవడం కుదరదు. పదీ ట్యాగులతో, ఉతకకుండా, ఏడు రోజుల్లోపు పంపాలి.” అంటే షర్టు ఎలా ఉంటుందో తెలియాలంటే వేసుకోవాలి, వేసుకుంటే బ్లేజర్‌తో సహా అన్నీ మన నెత్తినే. మరి కాటన్ అని రాశారు కదా అని నిలదీశాను. పేజీ తెరిచి చూస్తే ‘కాటన్ రిచ్’ అని మారిపోయి ఉంది. నా దగ్గర స్క్రీన్‌షాట్ లేదు. మీరు ఏది కొన్నా డబ్బు కట్టేముందే పేజీని, బట్ట వివరాలతో సహా, స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. పార్సిల్ వచ్చాక ట్యాగులు తెంపకుండానే లోపలి లేబుల్ చూడండి. పేజీకీ లేబుల్‌కీ తేడా ఉంటే ఆ రోజే ఫొటోతో మెసేజ్ పెట్టండి.

ఇక నుంచి నేను విడిగా, ఒక్కొక్కటే కొంటున్నాను. నచ్చితే ఒకటి కొని మూడుసార్లు ఉతికాక రెండోది. సైజు నంబర్ ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది కాబట్టి దాన్ని నమ్మడం మానేశాను. నాకు బాగా సరిపోయే పాత షర్టుని బల్లమీద పరిచి ఛాతీ, భుజం, పొడవు కొలిచి ఫోన్‌లో రాసుకున్నాను, కొత్తవాటి కొలతలు దాంతోనే పోలుస్తాను. తెల్ల టీషర్టుకైతే జీఎస్ఎమ్ ఎంతో అడుగుతున్నాను. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క అది. 180 దగ్గర ఉంటే లోపలివి కనిపించవు, 130 అంటే దోమతెరే. చెప్పలేమన్నారంటే అక్కడితో బేరం అయిపోయినట్టే.

నా పాత రివ్యూ మార్చి రాశాను. ఒక స్టార్. అది ఇంకా ‘పరిశీలనలో’ ఉందట, పాత అయిదు స్టార్లది మాత్రం చక్కగా కనిపిస్తోంది. నష్టపరిహారం కింద, తర్వాతి సెట్ మీద వాడుకోమని ఒక కూపన్ పంపారు. దాని గడువు అయిపోతోందని రోజూ పొద్దున్నే మెసేజ్ వస్తోంది.