పాత బైకుకి జీఎస్ఎక్స్-ఆర్ ముందు ఫోర్కులు: సరుకు మంచిదే, మీ బైకుకి సరిపోతుందా?

2004-05 నాటి సుజుకి జీఎస్ఎక్స్-ఆర్600, 750 బైకుల నుంచి విప్పిన ముందు భాగం సెకండ్ హ్యాండ్‌లో బాగా చేతులు మారే సరుకు. 43 మి.మీ. యూఎస్‌డీ (లావు గొట్టం పైన ఉండే తలకిందుల) ఫోర్కులు, వాటిని పట్టుకునే పై టీ, కింది టీ, రేడియల్ కాలిపర్లు, రెండు డిస్కులు, 120/70-17 టైరు పట్టే చక్రం ఒకే సెట్టుగా దొరుకుతాయి. ప్రీలోడ్ (స్ప్రింగును ముందే నొక్కి ఉంచే మేర), కంప్రెషన్ (ఫోర్కు కుదించుకునేటప్పటి అడ్డు), రీబౌండ్ (తిరిగి సాగేటప్పటి అడ్డు) మూడూ తిప్పుకోవచ్చు. ఫోర్కు నాణ్యత మీద వంక పెట్టడానికేమీ లేదు. కాకపోతే పాత బైకు మీద అది ఎలా నడుస్తుందో తేల్చేది ఫోర్కు కాదు. స్టెమ్ (టీలను కలుపుతూ ఫ్రేములో తిరిగే కడ్డీ), ఆఫ్‌సెట్ (స్టెమ్ మధ్య నుంచి ఫోర్కు గొట్టాల మధ్య గీత ఎంత ముందుకుందో ఆ దూరం), పొడవు, ఈ మూడూ కుదిరాయా లేదా అన్నదే. కొనేముందు కొలవాల్సింది వీటినే.

ముందుగా పాత ఫోర్కులో లోపం ఏమిటో తెలియాలి. పాత బైకుల్లో చాలా వాటికి ఉండేది డ్యాంపర్ రాడ్ ఫోర్కు. 1999-2002 ఎస్‌వీ650కి ఉన్న 41 మి.మీ. ఫోర్కు కూడా ఈ రకమే. ఇందులో ఆయిల్ కొలత మారని రంధ్రాల్లోంచి దూరాలి. రంధ్రంలో ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి ఫోర్కు రెట్టింపు వేగంతో కదిలితే అడ్డు నాలుగు రెట్లవుతుంది. అందుకే బ్రేక్ పట్టి నెమ్మదిగా వంగేటప్పుడు ఆపేవాడు లేక ముక్కు కిందికి దిగిపోతుంది. అదే ఫోర్కు పదునైన గుంత అంచు తగిలితే బిగుసుకుపోయి దెబ్బంతా చేతులకు పంపుతుంది. చిక్కటి ఆయిల్ పోస్తే మొదటిది తగ్గి రెండోది పెరుగుతుంది, పల్చటిది పోస్తే తిరగబడుతుంది. కాట్రిడ్జ్ ఫోర్కులో పిస్టన్ మీద పేర్చిన పల్చటి రేకు వాషర్లు (షిమ్‌లు) ఒత్తిడిని బట్టి వంగి దారి ఇస్తాయి కనుక ఈ పేచీ తీరుతుంది. జీఎస్ఎక్స్-ఆర్ సెట్టులో అసలు విలువ ఇదే. బంగారు రంగు గొట్టాలు కాదు.

మీ ఇబ్బంది ముక్కు దిగడం, గుంతల్లో దెబ్బ, ఈ రెండే అయితే మొత్తం మార్చక్కర్లేదు. రేస్‌టెక్ గోల్డ్ వాల్వ్ ఎమ్యులేటర్ లాంటి చిన్న వాల్వు పాత ఫోర్కులోనే డ్యాంపర్ రాడ్ నెత్తిన, స్ప్రింగు కింద కూర్చుంటుంది. రాడ్‌కున్న కంప్రెషన్ రంధ్రాలను పెద్దవి చేసి, కనీసం ఆరు 8 మి.మీ. రంధ్రాలు ఉండేలా చూస్తే కంప్రెషన్ పని ఎమ్యులేటర్‌కి పోతుంది, రీబౌండ్ మాత్రం ఆయిల్ చిక్కదనం చేతిలో ఉంటుంది. రంధ్రాల అంచుల బరకు నున్నగా తీయాలి, లేకపోతే ఆ లోహపు పొడి బుష్‌లను తినేస్తుంది. ఎమ్యులేటర్ ఎంత ఎత్తు ఉంటే స్ప్రింగు పైనుండే ప్రీలోడ్ గొట్టాన్ని అంత కోయాలి. ఇది మరిచి బిగిస్తే ప్రీలోడ్ అమాంతం పెరిగి ఫోర్కు కర్రలా తయారవుతుంది. దీనికున్న ఇబ్బంది ఒక్కటే. సెట్టింగ్ మార్చాలంటే ప్రతిసారీ మూత, స్ప్రింగు తీసి వాల్వును బయటికి లాగాలి. అయినా బరువుకి తగ్గ స్ప్రింగులు, ఎమ్యులేటర్ కలిస్తే రోజూ నడిపే బండికి కావాల్సిన సుఖంలో సింహభాగం దక్కుతుంది. బ్రేకులు, చక్రం కూడా మార్చాలనుకునేవాళ్లకే పూర్తి మార్పిడి.

అలా మార్చదలచుకుంటే ముక్కలు ముక్కలుగా కొనకండి. యూఎస్‌డీ గొట్టం పై టీ దగ్గర ఒక వ్యాసం, కింది టీ దగ్గర ఇంకొంచెం లావు ఉంటుంది, కాబట్టి వేరే టీలు కుదరవు. యాక్సిల్, స్పేసర్లు, కాలిపర్ బోల్టులు, మడ్‌గార్డు వరకూ ఒకే బండివి అయితేనే చక్రం తనంతట తాను మధ్యలోకి వస్తుంది. యూఎస్‌డీ ఫోర్కుకి పాత డ్రమ్ చక్రం తగిలించాలన్న ఆలోచనైతే అక్కడే వదిలేయాలి. డ్రమ్ ప్లేటు తిరగకుండా ఆపే పట్టు ఆ ఫోర్కు మీద ఉండదు. బ్రేకు పట్టగానే ప్లేటు చక్రంతో పాటు తిరిగిపోతుంది.

విప్పిన సెట్టు అంటే చాలాసార్లు యాక్సిడెంట్ బండి సెట్టే. చూడాల్సినవి దాచినా దాగవు. గొట్టాలను మందపాటి అద్దం పలక మీద దొర్లిస్తే వంపు తెలుస్తుంది. డయల్ గేజ్ ఉంటే వీ-బ్లాకుల మీద పెట్టి చూడండి, చాలా మాన్యువళ్లు ఒప్పుకునే హద్దు 0.2 మి.మీ. తర్వాత రెండు కాళ్లనూ కింది టీలో మాత్రమే బిగించి, పై టీని చేత్తో దించండి. నెట్టకుండా, తట్టకుండా జారిపోవాలి. ఒక కాలు దూరి రెండోది మొరాయిస్తే టీ వంగినట్టే. అదే స్థితిలో రెండు గొట్టాలకూ ఆనించి అద్దం ముక్క పెట్టండి. అది కటకటలాడితే టీ మెలి తిరిగింది. అల్యూమినియం టీని కొట్టి సరిచేయించే పని పెట్టుకోవద్దు, వంగి మళ్లీ వంచిన చోట పగులు మొదలవుతుంది. సీల్ కారడం పెద్ద విషయం కాదు, ఎలాగూ మార్చాల్సిందే. సీల్ తిరిగే మేర గొట్టంలో గోరుకి తగిలే గుంట ఉంటే మాత్రం కొత్త సీల్ కూడా నిలవదు.

ఇక స్టెమ్. పనంతా ఇక్కడే ఇరుక్కుంటుంది. మీ ఫ్రేము హెడ్ ట్యూబులో (స్టెమ్ దూరే గొట్టం) పైన, కింద బేరింగు కప్పులు కూర్చునే చోట లోపలి వ్యాసం, ట్యూబు పొడవు కొలవండి. కొత్త స్టెమ్ మీద పై బేరింగు సీటు, కింది బేరింగు సీటు, రెంటి మధ్య దూరం కొలవండి. కొలతకి వెర్నియర్ కాలిపర్ తప్పనిసరి, టేపుతో కుదరదు. పాత బండిలో గోళీల కోన్ సెట్ ఉంటే దాని బదులు టేపర్ రోలర్ (ఏటవాలు రోలర్ల బేరింగు) వేసుకోవడం ఎలాగూ మేలు. ఆ బేరింగుల కొలతలు ప్రామాణికం: 32005 అంటే 25×47×15 మి.మీ., 320/28 అంటే 28×52×16, 32006 అంటే 30×55×17. మీ ట్యూబు లోపలి వ్యాసానికి, కొత్త స్టెమ్ లావుకి రెంటికీ సరిపోయే నంబరు దొరికితే, స్టెమ్ పొడవు కూడా కుదిరితే అదృష్టమే, లేత్ పని లేకుండా బయటపడతారు. మార్పిడి కోసమే ఆల్ బాల్స్ లాంటి కంపెనీలు బేరింగు సెట్లు అమ్ముతాయి.

కుదరకపోతే పాత స్టెమ్‌ను కొత్త టీలోకి మార్చాలి, లేదా కాగ్నిటో మోటో లాంటివాళ్లు తయారుచేసే స్టెమ్ కొనాలి. మార్చేటప్పుడు టీ రంధ్రం కంటే స్టెమ్ 0.03 నుంచి 0.05 మి.మీ. లావు ఉండేలా టర్నర్‌తో బుష్ చేయించాలి. 30 మి.మీ. రంధ్రమున్న అల్యూమినియం టీని గది వేడి మీద మరో 120 డిగ్రీలు వేడెక్కిస్తే రంధ్రం దాదాపు 0.08 మి.మీ. పెరుగుతుంది. స్టెమ్‌ను ఫ్రీజర్‌లో ఉంచి తీస్తే పెద్దగా ప్రెస్ బలం లేకుండానే దిగుతుంది. వేడి ఓవెన్‌లోనే చేయాలి. గ్యాస్ మంటతో ఒకచోట ఎర్రబెడితే టీకి ఫ్యాక్టరీలో ఇచ్చిన గట్టిదనం పోతుంది. స్టెమ్ అడుగున అంచు ఉండాలి, ఆ అంచు టీకి కింది నుంచి ఆనాలి. బిగువు మీదే ఆధారపడి, పైకి జారకుండా ఆపే అంచు లేని స్టెమ్‌తో బండి రోడ్డెక్కకూడదు. ఉక్కు స్టెమ్‌ను అల్యూమినియం టీకి వెల్డింగ్ చేస్తానని ఎవరైనా అంటే సామాను తీసుకుని వచ్చేయండి.

ఆఫ్‌సెట్ గురించి చాలామందికి తప్పుడు భయం ఉంది. పాత టీల ఆఫ్‌సెట్ ఎక్కువ, స్పోర్ట్ టీలది 25-35 మి.మీ. మధ్య. "ఆఫ్‌సెట్ తగ్గితే బండి తిరగదు" అని పాత కొలతకే టీలు చేయించేవాళ్లున్నారు. లెక్క వేసి చూద్దాం. బండి నిలకడను చెప్పేది ట్రెయిల్, అంటే స్టెమ్ గీత నేలను తాకే చోటుకి, టైరు నేలను తాకే చోటుకి మధ్య దూరం. అది కావాలంటే టైరు వ్యాసార్థాన్ని రేక్ కోణపు (స్టెమ్ నిలువు నుంచి వాలిన కోణం) సైన్‌తో గుణించి, ఆఫ్‌సెట్ తీసేసి, అదే కోణపు కొసైన్‌తో భాగించాలి. 100/90-19 టైరు వ్యాసార్థం 331 మి.మీ., రేక్ 27 డిగ్రీలు, ఆఫ్‌సెట్ 50 అనుకుంటే ట్రెయిల్ సుమారు 113. ఇప్పుడు 120/70-17 పెడితే వ్యాసార్థం 300కి పడిపోయి ముందు భాగం 31 మి.మీ. దిగుతుంది. వీల్‌బేస్ 1400 మి.మీ. అయితే ప్రతి 24 మి.మీ.కీ రేక్ ఒక డిగ్రీ తగ్గుతుంది, అంటే 25.7. ఆఫ్‌సెట్ 30 ఉన్న టీతో ట్రెయిల్ 111 వస్తుంది, మొదటి దానికి దగ్గరే. పాత 50 ఆఫ్‌సెట్ ఉంచితే 89. ఫోర్కు కూడా 40 మి.మీ. పొట్టిదైతే రేక్ 24.3కి దిగి, 30 ఆఫ్‌సెట్‌తో 102, 50తో 81 అవుతుంది. 81 దగ్గర బండి గాలికి, గీతలకి వణుకుతుంది. కాబట్టి చిన్న చక్రం, పొట్టి ఫోర్కు, తక్కువ ఆఫ్‌సెట్ ఒకదాన్నొకటి సరిచేసుకునే జత. వాటిని విడదీస్తేనే ముప్పు.

పొడవును యాక్సిల్ మధ్య నుంచి పై టీ పైభాగం వరకు కొలవండి. పొడవెక్కువైతే గొట్టాన్ని టీలోంచి పైకి జరపొచ్చు, తక్కువైతే చేసేదేమీ లేదు. బిగించాక స్ప్రింగులు తీసి ఫోర్కును అడుగు వరకు కుదించి, మడ్‌గార్డు రేడియేటర్‌కో సైలెన్సర్ పైపుకో తగులుతుందేమో చూడాలి. ఈ పరీక్ష ఎగ్గొట్టినవాళ్లకు అది మొదటి గట్టి బ్రేకులో తెలుస్తుంది. ముందు దిగింది కాబట్టి సైడ్ స్టాండ్ పొడవెక్కువై బండి నిటారుగా నిలబడి అవతలికి పడుతుంది, దాన్నీ కోయించాలి.

స్టీరింగ్ స్టాప్ (హ్యాండిల్ మరీ తిరగకుండా ఆపే అడ్డు) మాట చాలామంది చివరికి వదిలేస్తారు. కొత్త టీ మీదున్న స్టాప్ పాత ఫ్రేము స్టాప్‌కి తగలదు, హ్యాండిల్ తిప్పగానే గొట్టం ట్యాంకుని గుద్దుతుంది. ఫ్రేము స్టాప్‌కి ఉక్కు ముక్క వెల్డింగ్ చేయించి రెండు వైపులా ఒకే కోణంలో ఆగేలా సానబెట్టాలి. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు వైర్లు, క్లచ్ కేబుల్, బ్రేక్ హోస్ లాగకూడదు. పాత హ్యాండిల్ లాక్ పనిచేయదన్నది కూడా ముందే లెక్కలో పెట్టుకోండి. మామూలు హ్యాండిల్ కావాలంటే స్పోర్ట్ పై టీలో రంధ్రాలు వేయకండి. దాని అడుగున బోలు ఎక్కువ, నిండు లోహం తక్కువ. హ్యాండిల్ క్లాంపులున్న విడి పై టీ తెచ్చుకోవడమే దారి.

బ్రేకుల్లో నియమం చిన్నది: కాలిపర్లతో పాటు వాటి మాస్టర్ సిలిండరే (లివరు దగ్గర బ్రేక్ ఆయిల్‌ను నెట్టే భాగం) వాడాలి. సింగిల్ డిస్కుకి వేసిన 12.7 మి.మీ. మాస్టర్‌తో రెండు నాలుగు-పిస్టన్ కాలిపర్లను నెట్టాలని చూస్తే లివరు హ్యాండిల్‌కి ఆనిపోతుంది. 15.9 మి.మీ. మాస్టర్ వైశాల్యం దానికి ఒకటిన్నర రెట్ల పైమాటే. కేబుల్ స్పీడోమీటర్‌కి కొత్త హబ్‌లో చోటుండదు, కాబట్టి అయస్కాంతం, సెన్సర్ ఉన్న మీటరు వేసుకోవాలి.

స్ప్రింగు విషయంలో ఈ సెట్టు అందరికీ నప్పదు. 600 తరగతి స్పోర్ట్ బైకుల స్ప్రింగులు కాలికి 0.85-0.95 కేజీ/మి.మీ. చుట్టూ ఉంటాయి. బైకు 120 కేజీలు, మనిషి 60 అనుకోండి. ముందు సగం 90, చక్రం, కాలిపర్ల బరువు 20 పోతే 70. ఫోర్కు వాలు లెక్కేస్తే 63. రెండు 0.90 స్ప్రింగుల మీద అది 35 మి.మీ. కుదింపు, లోపలున్న ప్రీలోడ్ తీసేస్తే మిగిలే శాగ్ (బరువు పడగానే ఫోర్కు దిగే మేర) 20-25 మాత్రమే. రోడ్డుకి కావాల్సింది 30-35. అందుకే తేలికైన బండికి మెత్తటి స్ప్రింగులు కొనడం ఐచ్ఛికం కాదు, ఖర్చులో భాగం.

బిగింపులో వరుస ముఖ్యం. ఆయిల్ మట్టం స్ప్రింగు లేకుండా, ఫోర్కు పూర్తిగా కుదించి, పై అంచు నుంచి కొలుస్తారు. అంతకుముందు కాట్రిడ్జ్ రాడ్‌ను పైకీ కిందికీ ఆడించి గాలి తీయాలి, అడ్డు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా తగిలే వరకు. 5డబ్ల్యూ, 10డబ్ల్యూ అన్న అంకెలు ఒక్కో బ్రాండులో ఒక్కోలా ఉంటాయి, డబ్బా మీద 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్ (చిక్కదనం) విలువ చూసి పోల్చుకోండి. టేపర్ బేరింగును గట్టిగా బిగించి, హ్యాండిల్‌ను అయిదారుసార్లు అటూ ఇటూ తిప్పి రోలర్లు కూర్చున్నాక పావు నుంచి అర చుట్టు వదలాలి. ఆపైన ముందు చక్రం లేపి, హ్యాండిల్ కొనకు స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగితే సుజుకి మాన్యువల్ లెక్క 200-500 గ్రాముల దగ్గర కదలాలి. అంతకన్నా బిగువైతే నెమ్మదిగా వెళ్లేటప్పుడు బండి అటూ ఇటూ తూలుతుంది, వదులైతే బ్రేకులో టక్కుమంటుంది. చక్రం ఎక్కించాక యాక్సిల్ బిగించి, కాళ్ల కింద యాక్సిల్‌ను పట్టి ఉంచే పించ్ బోల్టులు వదులుగా ఉంచి, ముందు బ్రేకు పట్టి ఫోర్కును నాలుగైదుసార్లు గట్టిగా నొక్కితే కాళ్లు తమ చోటికి సర్దుకుంటాయి. అప్పుడే పించ్ బోల్టులు బిగించాలి. రెండు బోల్టులున్న చోట ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి, మాన్యువల్ చెప్పిన టార్క్‌కే.

లోపలి గొట్టానికి జిప్ టై ఒకటి కట్టి నడపండి, ప్రయాణంలో ఎంత వాడుతున్నారో అది చూపిస్తుంది. గట్టి బ్రేకులో కూడా 20 మి.మీ. కంటే ఎక్కువ మిగిలిపోతుంటే స్ప్రింగు గట్టిది, అడుగు తాకుతుంటే ఆయిల్ మట్టం 10 మి.మీ. పెంచి చూడండి. మొదటి 500 కిలోమీటర్ల తర్వాత స్టీరింగ్ బేరింగు మళ్లీ చూసి బిగించాలి, కొత్త కప్పులు కూర్చోవడంతో వదులు వస్తుంటుంది.