కోడింగ్‌లో చేయి తిరగాలంటే ఎక్సర్సిజం

ఇంటర్వ్యూ పజిళ్ళు, ర్యాంకుల టెన్షన్ ఇవేవీ వద్దు, రోజూ కాసేపు కోడ్ రాస్తూ చేయి తిప్పుకోవాలి అనుకునేవాళ్ళెవరు అడిగినా నేను చెప్పేది ఎక్సర్సిజం సైట్ పేరే. 2013లో కత్రినా ఓవెన్ మొదలుపెట్టారు, లాభాపేక్ష లేకుండా నడుస్తుంది, నేర్చుకోవడం ఉచితం, 70కి పైగా లాంగ్వేజీలున్నాయి.

దీని ప్రాణమంతా టెస్టుల్లోనే ఉంది. ప్రతి ప్రాబ్లమ్‌తో పాటే మన కోడ్ సరైన జవాబిస్తోందో లేదో చూసే టెస్ట్ ఫైల్ కూడా వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో అయితే మొదటి టెస్ట్ ఒక్కటే నడుస్తుంది, మిగతావాటిని 'ఎక్స్‌టెస్ట్' అని రాసి ఆపి ఉంచుతారు, ఒకటి పాసయ్యాక తర్వాతి దాని ముందున్న ఎక్స్ మనం తీసేయాలి. లీపు సంవత్సరం ప్రాబ్లమ్ చూడండి. 2015 లీపు కాదు, కాబట్టి ఊరికే ఫాల్స్ అని రాసినా పాసే, 1970కీ అదే సరిపోతుంది. 1996 వచ్చేసరికి మాత్రం నాలుగుతో భాగించి చూడక తప్పదు. ఆ కోడ్ 2100 దగ్గర ఫెయిలవుతుంది, వందల సంగతి చేర్చి హమ్మయ్య అనుకునేలోపు 2000 వచ్చి అదీ చాలదంటుంది, అప్పుడు 400 రూల్ చేరుతుంది. ఎరుపు (టెస్ట్ ఫెయిల్), పచ్చ (పాస్), ఆ తర్వాత కోడ్ శుభ్రం చేసుకోవడం, టీడీడీ (ముందు టెస్ట్, తర్వాత దాన్ని పాస్ చేసే కోడ్ రాసే పద్ధతి) అంటే ఇదే కదా, పుస్తకంలో ఎంత చదివినా ఇలా చేతికి మాత్రం రాదు.

ఒక్క మాట, బ్రౌజర్ ఎడిటర్‌లో టెస్టులన్నీ ఒకేసారి నడుస్తాయి. ఒక్కో అడుగూ వేస్తూ వెళ్ళాలంటే వాళ్ళ కమాండ్ లైన్ టూల్‌తో డౌన్‌లోడ్ చేసుకుని మీ సొంత ఎడిటర్‌లోనే చేయండి.

మెంటార్లు వాలంటీర్లు, జవాబు వెంటనే రావాలని లేదు, కానీ మన కోడ్‌ని ఇంకో మనిషి చదివి 'ఈ వేరియబుల్‌కి ఈ పేరు ఎందుకు' అని అడగడం ఏ ఆటోమేటిక్ స్కోరూ ఇవ్వలేనిది. మనది సబ్మిట్ చేశాక ఇతరుల సొల్యూషన్లు కూడా తప్పకుండా చూడండి.

లోటు ఎక్కడంటే, టెస్టులు రెడీమేడ్‌గా దొరకడమే. ఏది టెస్ట్ చేయాలి, ఏది ముందు రాయాలి అని ఆలోచించడమే టీడీడీలో కష్టమైన సగం, ఆ సగం ఇక్కడ మనకి వేరేవాళ్ళు చేసిపెట్టేశారు. పైగా అన్నీ చిన్న చిన్న ఫంక్షన్లే, డేటాబేస్‌లూ నెట్‌వర్క్ కాల్సూ ఉన్న పాత కోడ్‌కి టెస్టులు రాయడం ఇక్కడ రాదు, దానికి వేరే దారి చూసుకోవాల్సిందే.

మొదటి లోటుకి మాత్రం మందుంది. ప్రాబ్లమ్ వివరణ చదివి, వాళ్ళ టెస్ట్ ఫైల్ తెరవకుండా ముందు మీ టెస్టులు మీరే రాయండి, కోడ్ అయ్యాక రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండు స్ట్రింగుల్లో (అక్షరాల వరుసల్లో) ఎన్ని చోట్ల అక్షరాలు తేడాగా ఉన్నాయో లెక్కపెట్టే హామింగ్ ప్రాబ్లమ్‌లో రెండు స్ట్రింగుల పొడవు వేరైతే ఏంటి, రెండూ ఖాళీ అయితే ఏంటి, ఒక్కటే ఖాళీ అయితే ఏంటి, ఇవన్నీ వాళ్ళ ఫైల్‌లో ఉంటాయి, మీ ఫైల్‌లో ఏవి లేవో అక్కడే తెలిసిపోతుంది.