ఆడపిల్లల హైస్కూల్లో మా చిన్నమ్మాయి మూడేళ్లు: 5కి మూడున్నర ఇస్తాను

ఒడిశాలోని గజపతి జిల్లాలో, ఆంధ్రా సరిహద్దుకి దగ్గర్లో ఉన్న ఒక ప్రభుత్వ బాలికల హైస్కూల్ గురించి రాస్తున్నాను. పేరు రాయను. ఇందులో ఫిర్యాదులు కూడా ఉన్నాయి, అక్కడ కష్టపడి చెప్పే దిదీలకి (ఇక్కడ టీచరమ్మల్ని అలాగే పిలుస్తారు) అవి చుట్టుకోకూడదు. మా పెద్దమ్మాయి మగపిల్లలతో కలిసి ఉండే బడిలో చదివింది, చిన్నమ్మాయి ఇక్కడ 8 నుంచి 10 దాకా చదివి ఈ ఏడాదే ప్లస్ టూలో చేరింది, అంటే రెండు రకాలూ మా ఇంట్లోనే చూశాను.

నాకు అన్నిటికన్నా నచ్చింది సైన్స్ ల్యాబ్. పెద్దమ్మాయి బడిలో ప్రాక్టికల్ అంటే మగపిల్లలు సామాను చుట్టూ మూగేవారు, ఆడపిల్లలు వెనక నిలబడి రికార్డు రాసేవారు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు, అలా జరిగిపోయేదంతే, ఆపాలని సార్లకీ తోచలేదు. చిన్నమ్మాయి బడిలో ఉన్నది ఒక్కటే మైక్రోస్కోపు, అయినా ఉల్లిపొర తీసి స్లైడు మీద పరిచింది తనే, బ్యాటరీ, బల్బు, అమ్మీటరు కలిపి సర్క్యూట్ పెట్టింది తనే, బల్బు వెలగకపోతే తప్పు ఎక్కడుందో గంటసేపు వెతికి పట్టుకున్నదీ తనే. ఆ రోజు ఇంటికి రాగానే నా కుట్టుమిషను మోటారు దగ్గర కూర్చుని ఈ వైరు ఎటు పోతోందమ్మా అని అడిగింది. నేను అదే మిషను మీద పదిహేనేళ్లుగా కుడుతున్నాను, నాకెప్పుడూ ఆ ప్రశ్న రాలేదు.

లెక్కల దిదీ రోజూ వరసలో ఒక్కొక్కరిని బోర్డు దగ్గరికి పిలిచేవారు, వచ్చినా రాకపోయినా లేవాల్సిందే. కొండ మీది ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర తెగ పిల్లలు మొదట్లో అసలు నోరు విప్పేవాళ్లు కాదట, పదో తరగతికి వచ్చేసరికి వాళ్లలో ఒకమ్మాయే మా అమ్మాయికి జామెట్రీ చెప్పేది. 2011 జనాభా లెక్కల్లో మా జిల్లాలో చదవడం రాయడం వచ్చిన మగవాళ్లు 64 శాతం, ఆడవాళ్లు 43 శాతం. నేను ఆ లెక్క చదివినప్పుడల్లా ఆ అమ్మాయి గుర్తొస్తుంది.

బాత్రూములు ఆరు ఉంటే నాలుగింట్లో నీళ్లు వచ్చేవి, తలుపులకి గడియలు ఉండేవి. చిన్న విషయం అనుకోకండి, పెద్దమ్మాయి నెలకి రెండు మూడు రోజులు బడి మానేసింది ఇందుకే. ఒడిశా ప్రభుత్వం 2018లో ఖుషీ పథకం కింద బడి ఆడపిల్లలకి ఉచితంగా ప్యాడ్లు ఇవ్వడం మొదలుపెట్టింది, ఇక్కడ అవి అడక్కుండానే చేతికి వచ్చేవి, ఆడపిల్లలే కాబట్టి తీసుకోవడానికి ఎవరికీ సిగ్గు లేదు.

ఇక ఒకటిన్నర మార్కు ఎందుకు తీశానో చెప్తాను. తొమ్మిదో తరగతి మధ్యలో ఆ లెక్కల దిదీకి బదిలీ అయింది, నాలుగు నెలలు ఆ పోస్టు ఖాళీ. ఆ పీరియడ్లలో పిల్లలకి కుట్టు, అల్లికలు పెట్టారు. నేను వెళ్లి అడిగితే "ఆడపిల్లలకి పనికొచ్చేదే కదా అమ్మా" అన్నారు. నేను బట్టలు కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటున్నదాన్ని, కుట్టంటే నాకు చిన్నచూపు లేదు, కానీ లెక్కల పీరియడ్ లెక్కలకే ఉండాలి. మగపిల్లల బడిలో లెక్కల సారు లేకపోతే వాళ్ల చేతికి సూదీ దారం ఇస్తారా? నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

భాష సంగతి కూడా ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి పక్కనే ఉండి కూడా మా పిల్లలకి తెలుగులో అర్థం చెప్పేవాళ్లు దొరకరు. ఒడియా పుస్తకంలోని 'ఆలోకశ్లేషణ' అంటే కిరణజన్య సంయోగక్రియ అని నేనే ఆంధ్రాలో పాతపట్నంలో చదివే మా అన్నయ్య కొడుకు పుస్తకం చూసి చెప్పాను. ఇది ఈ ఒక్క బడి తప్పు కాదు, అందుకని మార్కు తీయలేదు.

మా అత్తగారూ, వీధిలో చాలామందీ ఈ బడిని మెచ్చుకునేది ఒకే కారణానికి, మగపిల్లలు ఉండరు కాబట్టి భయం లేదని. నేను ఒప్పుకోను. పెద్దమ్మాయి ఇప్పుడు బరంపురంలో బీఎడ్ చదువుతోంది, తన పాఠాల్లో ఇదే విషయం వస్తే నాకు ఫోన్లో చదివి వినిపించింది. 21 దేశాల్లో 16 లక్షల మంది పిల్లల మీద జరిగిన 184 అధ్యయనాలని కలిపి చూసి 2014లో లెక్క తేల్చారట, జాగ్రత్తగా చేసిన వాటిల్లో ఆడపిల్లల బడికీ కలిసి చదివే బడికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కరీబియన్ దీవుల్లోని ట్రినిడాడ్‌లో పిల్లల్ని మార్కులూ, వాళ్లు పెట్టుకున్న ఎంపికలూ చూసి సర్కారే బడులకి కేటాయిస్తుంది, అక్కడ ఆడపిల్లల బడే కావాలని గట్టిగా కోరుకున్న అమ్మాయిలకి మేలు జరిగింది, మిగతా చాలామందికి తేడా లేదు, పైగా ఆ బడుల్లో అమ్మాయిలు సైన్స్ సబ్జెక్టులు తక్కువ తీసుకున్నారు. మన బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదిలో చేరిన ఆడపిల్లలకి సైకిళ్లు ఇస్తే హైస్కూల్లో సరైన వయసులో చేరినవాళ్లు 32 శాతం పెరిగారు, దానికి ఎవర్నీ విడదియ్యలేదు.

అందుకే చేర్పించే ముందు బోర్డు మీద 'బాలిక' అన్న మాట చూసి వచ్చెయ్యకండి. మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్లండి, బాత్రూములో కుళాయి తిప్పి చూడండి, ల్యాబ్ బీరువా తీయించి సామాను మీద దుమ్ము ఉందో లేదో చూడండి, లెక్కలకీ సైన్స్‌కీ పర్మనెంట్ టీచర్లు ఉన్నారా అని అడగండి. ఇంకో మాట, ఈ బడి పదితో ఆగిపోతుంది. చిన్నమ్మాయికి ప్లస్ టూలో మగపిల్లల ముందు చెయ్యెత్తడానికి రెండు నెలలు పట్టింది, రోజూ టెన్షన్ పడేది, ఇప్పుడు ఫర్వాలేదు.

మొన్న మా ఆడపడుచు తన కూతుర్ని ఇక్కడే వేస్తానంటే పిల్లని తీసుకుని రమ్మన్నాను. బడంతా తిప్పి చూపించాక అడిగితే, నా స్నేహితులున్న బడిలోనే చదువుకుంటాను అత్తా, అక్కడ ల్యాబ్‌లో నేనే ముందు నిలబడతాను అంది. అక్కడే ఉంచమని మా ఆడపడుచుకి చెప్పాను.