ఇంట్లో రోగిని చూసుకునేవాళ్లకు దొరికే సాయం: ఏళ్లు వాడాక తేలింది

మంచాన పడ్డ మనిషిని ఇంట్లో చూసుకునేవాళ్ల కోసం అని చెప్పే సేవలు చాలావరకు రోగి పేరు మీదే నడుస్తాయి. ఫారంలో చూసుకునే మనిషికి దక్కేది అత్యవసర ఫోన్ నంబరు గడి ఒక్కటే. అందుకని ఇక్కడ మార్కులు వేసింది ఒకే లెక్కన: ఆ సేవ వచ్చాక, రాత్రిళ్లు లేచే మనిషికి ఏకబిగిన ఎన్ని గంటల నిద్ర దొరికింది?

ఆ లెక్కన ఎక్కువ ఆశ పెట్టేదీ, ఎక్కువగా తేడా కొట్టేదీ రాత్రి అటెండెంటు. కదల్లేని మనిషికి పడక పుండ్లు పడకుండా మామూలుగా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఇంట్లోవాళ్ల నిద్ర చెడేది అక్కడే. అయితే ఏజెన్సీ మాటిమాటికీ మనిషిని మారుస్తుంటే, వచ్చిన ప్రతి కొత్త మనిషీ అర్ధరాత్రి తలుపు తట్టి "ఈ మందు ఇప్పుడా, పొద్దునా?" అని అడుగుతారు. అటెండెంటు ఉన్నా నిద్ర లేనట్టే. దీనికి పనిచేసింది మంచం పక్కన గోడకు అంటించిన ఒక్క కాగితం. అందులో రోగ చరిత్ర అక్కర్లేదు. ఏ గంటకు ఏ పక్కకు తిప్పాలి, దిండ్లు ఎక్కడ పెట్టాలి, ఏమేం జరిగితే లేపాలి, అంతే. యూరిన్ బ్యాగు మూడింట రెండొంతులు నిండితే ఖాళీ చేయాలనీ, అది మూత్రాశయం కంటే కిందే వేలాడాలి కానీ నేలకు తగలకూడదనీ ఒక ముక్క. "లేపాల్సినవి" అన్న వరసే అన్నిటికన్నా ముఖ్యం. జ్వరం, ఆయాసం, ఆగని దగ్గు, బ్యాగులోకి మూత్రం రావడం ఆగిపోవడం, పిలిస్తే పలకకపోవడం లాంటివి డాక్టరును అడిగి రాసిపెడితే, మిగతా ప్రశ్నలన్నీ తెల్లారేదాకా ఆగుతాయి.

పక్క మార్చడం మాత్రం కాగితంతో రాదు, చేసి చూపించాలి. పూర్తిగా పక్కకు 90 డిగ్రీలు తిప్పేస్తే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాల్చితే చాలు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా తేలేలా ఉంచాలి. దిండు మడమ కిందికి జారితే పెట్టీ పెట్టనట్టే. ఒక్కరే ఉన్న అటెండెంటు రోగిని పైకి జరపాలంటే చంకల్లో చేతులు వేసి లాగుతారు, చర్మం ఒరుసుకుపోయేది అలాగే. మీరు పడుకునే ముందే అటెండెంటూ మీరూ కలిసి డ్రాషీటు (రోగి నడుము కింద అడ్డంగా పరిచే దుప్పటి) పట్టుకుని ఎత్తి జరిపి, మంచం తలవైపు 30 డిగ్రీలు దాటకుండా ఉంచితే రాత్రి కిందికి జారడం తగ్గుతుంది. నోటితోగానీ ట్యూబుతోగానీ ఆహారం ఇచ్చాక మాత్రం కనీసం అరగంట తల ఎత్తుగానే ఉండాలి. కాబట్టి ఆఖరి ఫీడు పడుకునే వేళకు చాలా ముందే ఇచ్చేయండి.

అటెండెంటూ నర్సూ ఒకటి కారు. ట్యూబు ఫీడు, ఇంజెక్షను, పుండుకు కట్టు అటెండెంటు పనిలోకి వస్తాయో రావో రాతలో తీసుకోవాలి. ఫోన్లో అడిగితే ఎవరైనా "అన్నీ చేస్తారండీ" అనే అంటారు. మనిషి రాని రోజు బదులు మనిషి ఎన్ని గంటల్లో వస్తారన్నదీ అదే కాగితంలో ఉండాలి.

ఇంటికొచ్చి వెళ్లే నర్సుకు ఎక్కువ మార్కులు. ఉండేది కాసేపే, పని చేయించుకుని పంపేస్తే వృథా. ఆమె ముందు మనం చేసి, ఆమె చేత దిద్దించుకోవాలి. ముక్కు గొట్టం, అంటే ఆహారం ఇవ్వడానికి ముక్కులోంచి పొట్టలోకి వేసే ట్యూబు, సంగతే తీసుకోండి. ముక్కు అంచు దగ్గర గొట్టం మీద ఏ సెంటీమీటరు గుర్తుందో రాసుకుని, ప్రతి ఫీడుకు ముందు అది జారలేదని చూడాలి. సిరంజితో కొంచెం ద్రవం లాగి పిహెచ్ కాగితం (ఆమ్లం ఎంతుందో రంగుతో చూపేది) మీద వేస్తే 5.5 లేదా అంతకంటే తక్కువ చూపాలి. ఎక్కువ చూపితే ఫీడు ఆపి నర్సుకు ఫోన్ చేయాలి. గాలి కొట్టి పొట్ట మీద చప్పుడు వినే పాత పద్ధతిని నమ్మడానికి లేదు, గొట్టం ఊపిరితిత్తుల్లో ఉన్నా చప్పుడు వినిపించవచ్చు. ఫీడుకు ముందూ తర్వాతా 30 మి.లీ. నీళ్లు పంపాలి, నీళ్లు కొలతగా ఇవ్వాల్సిన రోగికి డాక్టరు చెప్పినంతే. గొట్టం తరచూ మూసుకుపోతుంటే ముందు మాత్రలు నూరే తీరు చూడండి. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలను నూరనే కూడదు, రోజంతా అందాల్సిన మోతాదు ఒక్కసారే దిగుతుంది.

అద్దె ఎయిర్ బెడ్డు, అంటే పంపుతో గాలి గదులు వంతులవారీగా నిండి తగ్గే పరుపు, మంచిదే, తెచ్చి పరిచి వెళ్లిపోయే కుర్రాడితోనే చిక్కు. పంపు మీద ఒత్తిడిని రోగి బరువును బట్టి పెట్టాలి. పెట్టాక తుంటి కింద, గాలి గదుల అడుగున అరచేయి దూర్చి చూడండి. చేతికీ ఒంటికీ మధ్య కనీసం అంగుళం మందాన గాలి ఉండాలి. ఎముక చేతికి తగిలితే గాలి చాలలేదన్నమాట. పైన ఒక్క పలుచని దుప్పటి చాలు. బొంత, రబ్బరు షీటు, రెండు డైపర్లు వరసగా పేర్చితే గదులు నిండి తగ్గుతున్నా ఒంటికి అందదు. గొట్టం మంచం చట్రంలో మడతపడటం, కరెంటు పోవడం మామూలు ఇబ్బందులు. ఈ పరుపు ఉందని పక్క మార్చడం మానేయడం అంతకంటే పెద్దది. ఎన్ని గంటలకోసారి మార్చవచ్చో నర్సు చర్మం చూసి చెప్పాలి.

సలహా కేంద్రాల వాళ్లు మొదటి కలయికలో, చూసుకునేవాళ్ల మీద ఎంత భారం పడుతోందో కొలిచే జారిట్ ప్రశ్నావళి లాంటిది నింపిస్తారు. 22 ప్రశ్నలు, మొత్తం 88 మార్కులు, ఎన్ని ఎక్కువ వస్తే అంత భారం. రోగి మంచం పక్కనే కూర్చోబెట్టి "మీకు విసుగొస్తోందా?" అని అడిగితే ఎవరు అవునంటారు? వేరే గదిలో నింపుతామని చెప్పండి. చూసుకునేవాళ్ల సమావేశాలు ఫోన్లో జరిగితేనే నయం. వెళ్లి రావాలంటే ఆ పూట రోగి దగ్గర ఎవరుంటారన్నది మళ్లీ మొదటికొస్తుంది.

నిద్ర లెక్కలో మొదటి స్థానం మాత్రం రోగిని కొన్నాళ్లు కేంద్రంలో ఉంచుకునే తాత్కాలిక వసతిదే, జాగ్రత్తగా వాడితే. ముందు ఒక్క రాత్రి ఉంచి చూడాలి. మందులు డబ్బాల్లో పోసి కాకుండా అసలు స్ట్రిప్పులతోనే, రెండు రోజులవి అదనంగా ఇవ్వాలి. అప్పగించేటప్పుడూ, తిరిగి తెచ్చుకునేటప్పుడూ అక్కడి నర్సుతో కలిసి తోకఎముక, తుంటి, మడమలు చూడాలి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడకపోతే అది పుండుకు మొదలు. చామనఛాయ ఒంటిమీద ఎరుపు తెలియదు, వేడిగానో గట్టిగానో ఉందేమో తడిమి చూడాలి. కనబడింది అక్కడి రికార్డులో రాయించాకే కదలండి. కావాల్సిన వారంలో అడిగితే మంచం దొరకదు కాబట్టి, రోగిని ఇంటికి తెచ్చుకునే రోజే తర్వాతి విడతకు తేదీ వేయించుకోండి.