పట్టపగలు తిరిగే సొరచేప: షార్క్‌టోపస్ రివ్యూ

టీవీ కోసం తక్కువ ఖర్చుతో తీసిన మాన్‌స్టర్ సినిమాల్లో ఏది చూడాలని ఎవరడిగినా నేను మొదట చెప్పే పేరు షార్క్‌టోపస్. 2010 సెప్టెంబర్‌లో అమెరికాలో సైఫై ఛానల్లో వచ్చింది. దర్శకుడు డెక్లన్ ఓబ్రయన్. నిర్మాత రోజర్ కోర్మన్. 1950ల నుంచి చవకగా, చకచకా సినిమాలు తీస్తూ వచ్చిన పెద్దాయన, 2024లో 98 ఏళ్ల వయసులో పోయారు.

కథ చెప్పడానికి నిమిషం చాలు. అమెరికా నేవీ కోసం ఒక ప్రైవేటు కంపెనీ ముందు సొరచేప, వెనక ఆక్టోపస్ ఉండే జంతువును తయారు చేస్తుంది. తలకు బిగించిన యంత్రంతో దాన్ని నడిపిస్తుంటారు. పడవ తగిలి ఆ యంత్రం పాడవుతుంది. ఇక అది ఎవరి మాటా వినదు. మెక్సికోలోని ప్యూర్టో వల్లార్తా బీచ్‌లకు చేరి జనాన్ని తినడం మొదలుపెడుతుంది. కంపెనీ ఓనరు కూతురు, ఒకప్పుడు అక్కడ పనిచేసిన కుర్రాడు కలిసి దాని వెంట పడతారు.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాను. పదహారు రోజుల పండక్కల్లా పెన్‌డ్రైవ్ చేతిలో పడాలంటారు పెళ్లివాళ్లు. అందులో ఆకాశం నుంచి పూలు రాలాలి, పెళ్లికూతురు మేఘాల్లో నడవాలి. ఇచ్చేది కొంచెం డబ్బు, అంతకంటే తక్కువ టైం. ఈ సినిమా చేసినవాళ్ల పరిస్థితీ అదే. అందుకే దీని గ్రాఫిక్స్ చూసి నవ్వి ఊరుకోలేను. ప్రతి షాట్‌లో వాళ్లు ఎక్కడ ఇరుక్కున్నారో, ఎలా బయటపడ్డారో కనబడుతూ ఉంటుంది.

భవానీ ద్వీపానికి ప్రీ వెడ్డింగ్ షూట్‌కి వెళ్లే కుర్రాళ్లందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. పొద్దున తొమ్మిదిన్నర, పదికల్లా కెమెరా సర్దేయాలి, మళ్లీ నాలుగు దాటాకే తీయాలి. మధ్యలో కృష్ణ మీద కాసే ఎండ దేన్నీ దాచనివ్వదు. మెడ దగ్గర మేకప్ ఎక్కడ ఆగిపోయిందో కూడా కనిపిస్తుంది. పెద్ద సినిమాలవాళ్లు రాక్షస జంతువులను రాత్రిపూట, వానలో, పొగలో దించడం వెనక ఇదీ ఒక కారణమే. చీకటి ఉంటే అతుకులు కనబడవు. కానీ రాత్రి షూటింగ్ అంటే లైట్లు, జనరేటర్లు, ఎక్కువ మనుషులు, ఎక్కువ రోజులు. అంత డబ్బు లేని షార్క్‌టోపస్ చాలాచోట్ల మంచి ఎండలోనే నీళ్లలోంచి లేస్తుంది. దాని చర్మం మీద మెరుపు ఒక వైపు, పక్కనున్న మనిషి మీద ఎండ ఇంకో వైపు. నీడ ఉండాల్సిన చోట ఉండదు.

అయినా ఆ తెగింపు నాకు నచ్చింది. 1975లో వచ్చిన సొరచేప సినిమా జాస్‌ను స్పీల్‌బర్గ్ తీస్తున్నప్పుడు యంత్రపు చేప ఉప్పునీళ్లలో మొరాయించింది. దాంతో చాలాసేపు చేపను చూపించకుండానే భయపెట్టాడు. అది గొప్ప పని, ఒప్పుకుంటాను. అయితే ఆ తర్వాత అదే పద్ధతి పట్టుకుని, చూపించే స్తోమత లేక గంటసేపు ఒట్టి రెక్క చూపించి మోసం చేసిన సినిమాలు చాలా ఉన్నాయి. షార్క్‌టోపస్ ఆ మోసం చేయదు. పోస్టర్ మీద ఉన్న జంతువు మొదటి నిమిషాల్లోనే తెరమీదికొస్తుంది, మళ్లీ మళ్లీ వస్తుంది.

అన్నిటికంటే బాగున్నది బంగీ జంప్ సీన్. ఒకమ్మాయి కాళ్లకు తాడు కట్టుకుని సముద్రం మీదికి దూకుతుంది. సరిగ్గా ఆమె కిందికి వచ్చే క్షణానికి అది పైకి లేస్తుంది. గ్రాఫిక్స్ బాగాలేకపోయినా టైమింగ్ అంత కచ్చితంగా ఉంటే ఒళ్లు ఝల్లుమంటుందని ఈ షాట్ చూస్తే తెలుస్తుంది. మా మేనల్లుడు సోఫా మీంచి లేచి నిలబడ్డాడు. ఇంకో సీన్లో ఒకమ్మాయి బీచ్‌లో బంగారు నాణెం కోసం వెతుక్కుంటూ నీళ్లకు దగ్గరగా వెళ్లి జంతువుకు దొరికిపోతుంది. అదంతా చూస్తూ నిలబడ్డ ముసలాయన తాపీగా వెళ్లి ఆ నాణెం తీసుకుంటాడు. ఆ ముసలాయన ఎవరో కాదు, నిర్మాత కోర్మనే.

నటుల్లో ఎరిక్ రాబర్ట్స్ గురించి చెప్పాలి. ఒకప్పుడు ఆస్కార్ నామినేషన్ అందుకున్న నటుడు. ఇక్కడ కంపెనీ ఓనరు వేషం. ఇలాంటి సినిమాలో మనసు పెట్టకపోయినా అడిగేవాళ్లుండరు. ఆయన మాత్రం ఆ జంతువు నిజంగా తన చేతుల్లో పుట్టినట్టే మాట్లాడతాడు. అలా నమ్మి చేసేవాడు ఒక్కడున్నా సినిమా నిలబడుతుంది.

ఇక లోపాలు. ముందు నీళ్లు. పున్నమి ఘాట్ దగ్గర చిన్న పడవ కదిలినా దాని వెనక ఎంతదూరం నీళ్లు చీలి కనిపిస్తాయో చూడండి. అంత పెద్ద జంతువు లేస్తే సముద్రం అల్లకల్లోలం కావాలి. ఇక్కడ కాదు. కంప్యూటర్లో నీళ్లు పుట్టించడం చాలా కష్టమైన పని, ఒక్క షాట్ రెండర్ కావడానికే, అంటే కంప్యూటర్ దాన్ని పూర్తి బొమ్మగా తయారుచేయడానికే గంటలు పడుతుంది. ఆ టైం లేక, నీళ్లు చిమ్మే క్లిప్పును లేయర్‌గా పైన వేసి సరిపెట్టినట్టు ఉంది. దీన్ని నేను క్షమిస్తాను. జంతువు నేలమీద నడిచేటప్పుడు బరువు తెలియకపోవడాన్నీ క్షమిస్తాను.

క్షమించలేనిది మధ్యలో వచ్చే మాటలు. ఇద్దరు నిలబడి, మనకు ముందే తెలిసిన సంగతినే మళ్లీ చెప్పుకుంటారు. ఖర్చు లేకుండా నిడివి పెంచే దారి అది. రెండు గంటల స్లాట్‌లో యాడ్స్ పోగా మిగిలిన గంటన్నర నింపాలి కదా. యాడ్ ముందు ఒక చావు పెట్టాలన్న లెక్క కూడా తెలిసిపోతుంది. టీవీలో అయితే ఆ టెన్షన్ పనిచేస్తుంది. యాడ్స్ లేకుండా చూస్తే తెర నల్లబడి, వెంటనే అదే సీన్ మొదలవుతుంది. ఎడిటర్‌గా నాకు చాలా చిరాకేసింది.

ఇదే తరహాలో 2009లో ది అసైలమ్ కంపెనీ తీసిన ఇంకో సినిమాలో సొరచేప సముద్రంలోంచి ఎగిరి విమానాన్ని కరుస్తుంది. ఆ ఒక్క షాట్ అద్భుతం, మిగతాదంతా గదుల్లో మాటలే. 2013లో వచ్చిన షార్క్‌నేడో చాలా పేరు తెచ్చుకుంది. సుడిగాలిలో సొరచేపలన్న ఊహ నాకూ ఇష్టమే. కానీ తుఫాను మధ్యలో ఒక షాట్‌లో వాన, పక్క షాట్‌లో పొడి రోడ్డు, నీలాకాశం. ఆ ఆకాశానికి రంగైనా మార్చుకోవలసింది.

విఠలాచార్య సినిమాల్లో దయ్యం తన కాళ్లనే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంటే మనవాళ్లు కళ్లప్పగించి చూశారు. ఆ ట్రిక్కు ఎలా చేశారో పెద్దలకు తెలియక కాదు. ఉన్న కాస్త డబ్బునూ జనం ఏం చూడ్డానికి వస్తారో దానిమీదే పెట్టాడాయన. కోర్మన్‌దీ అదే లెక్క. ఈ రకం సినిమాను నేను కొలిచేదీ దానితోనే.

5కి 3 ఇస్తాను. ఒక్కరే కాకుండా నలుగురు కూర్చుని చూడండి. మాటల సీన్లు వచ్చినప్పుడు లేచి టీ పెట్టుకోవచ్చు, కథేమీ మిస్ కారు. రక్తం ఎక్కువే, ఈతకు వెళ్లే వయసు చిన్నపిల్లలకు వద్దు. 2014లో, 2015లో దీనికి రెండో, మూడో భాగాలు కూడా వచ్చాయి. ముందు ఇది చూసి, బంగీ సీన్ నచ్చితే అప్పుడు వాటి జోలికి వెళ్లండి.